విప్పి కుట్టిన వీలునామా

అట్టలమ్మకి ఉన్నది గుండెజబ్బని డాక్టర్లు అంటారు. ఆ వీధి వాళ్లనడిగితే మాత్రం, అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచీ ఉన్న జబ్బు ఇంకొకటి చెప్తారు. ఆవిడకి ప్రతిదీ తెలియాలి. ఎదురింటికి కొత్త బీరువా వస్తే, అంత బీరువా ఆ గుమ్మంలో ఎలా పట్టిందో తెలియాలి. వీధి దీపం ఆరిపోతే ఎందుకు ఆరిందో తెలియాలి, అదీ బాగుచేసేవాడు ఇంకా స్తంభం మీద ఉండగానే తెలియాలి. పాపం అతను పైనుంచి అరిచి అరిచి జవాబులు చెప్పి, గొంతు పోగొట్టుకుని దిగేవాడు. "అక్కా, పోలీసులు కూడా ఇన్ని అడగరు" అనేవాడు ఎదురుగా బడ్డీకొట్లో తాళంచెవులు చేసే ఆయన. "వాళ్లు జీతానికి అడుగుతారు తమ్ముడూ, నేను ఊరికే అడుగుతాను" అనేది ఈవిడ, ఇసుమంతైనా సిగ్గుపడకుండా.

ఆవిడ పని పుస్తకాలకి బైండింగ్ చేయడం. అసలు పేరు ఒకటుండేది. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కళ్లే తగ్గిపోయాక అట్టలమ్మే మిగిలింది. వీధిలోకి తెరుచుకునే పొడుగాటి కొట్టు. షట్టర్ ఎత్తితే ముందు అట్టల దొంతరలు, వాటి వెనక కుట్టుబల్ల, ఇంకా వెనక పుస్తకాల్ని బిగించే చెక్క ప్రెస్సు, అన్నిటికంటే వెనక గోడ పక్కన మనిషెత్తు కటింగ్ మెషీన్. దాని పెద్ద చక్రం తిప్పితే కత్తి దిగి, ఎంత లావు పుస్తకం అంచునైనా నున్నగా కోసేస్తుంది. మూల స్టవ్ మీద జిగురు డబ్బా ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. పక్కనుంచి ఇనప మెట్లెక్కితే పైన రెండు గదులు, వంటిల్లు. కిందా పైనా మొత్తం ఆవిడ పేరు మీదే ఉంది. మొగుడు బతికుండగా కొన్నాడు. "నీ పేరున ఉంటే నేను తాగి అమ్మేయలేను" అని తనే చెప్పి మరీ రాయించాడట. ఆయన జన్మలో తాగలేదు, కాకపోతే ముందుజాగ్రత్త ఎక్కువ.

పెళ్లయి వచ్చినప్పుడు ఆవిడకి సూదిలో దారం ఎక్కించడం తప్ప ఈ పనిలో ఇంకేమీ రాదు. ఆయన కోసేవాడు, ఈవిడ కుట్టేది. కుట్టేటప్పుడు కాగితాల మడత సరిగ్గా నడిమికి తెరుచుకుంటుంది కదా, అక్కడ కనపడ్డ రెండు పేజీలూ చదివేసేది. అలా వైద్యం, నక్షత్రాలు, కోళ్ల పెంపకం, యుద్ధాలు, దేన్ని గురించి అడిగినా ఆవిడకి ముక్కలు ముక్కలుగా తెలుసు. ఏ నవల్లో ఎవరు ఎవర్ని చేసుకున్నారో చెప్పలేదు గానీ, మధ్యలో ఎవరెందుకు అలిగారో చెప్పగలదు. తర్వాత ఏమై ఉంటుందో మొగుడు ఊహించి చెప్పేవాడు, ఇద్దరూ పందేలు వేసుకునేవాళ్లు. ఆయన పోయాక పందెం వేసే మనిషి లేక, ఆ ప్రశ్నలన్నీ వచ్చి వీధి నెత్తిన పడ్డాయి.

కొడుకు ఒక్కడే. లిఫ్టులు బాగుచేస్తాడు. చెడ్డవాడని అనడానికి నాకు నోరు రాదు, మంచివాడని అనడానికీ రాదు. పెళ్లయిన ఆరేళ్లకి ఇంకొకామె మీద మనసుపడి, ఊరికి ఆ చివర వేరే కాపురం పెట్టేశాడు. పిల్లల్లేరు కాబట్టి కోర్టులో విడాకులు కూడా తొందరగానే అయిపోయాయి. ఇంక కోడలు పెట్టె సర్దుకుని పోతుందని అందరూ అనుకున్నారు. ఆ పిల్ల సర్దింది కూడా. పెట్టె పట్టుకుని మెట్లు దిగింది. సరిగ్గా అప్పుడు అట్టలమ్మ రెండు చేతులకీ జిగురుతో, సగం అంటించిన పెద్ద అట్టతో అవస్థ పడుతోంది. "చూస్తూ నిలబడతావేంటే, ఆ కొస పట్టుకో" అని కసిరింది. ఆ పిల్ల పెట్టె కింద పెట్టి కొస పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

ఇద్దరికీ రోజుకొక పోట్లాట లేకపోతే తిన్నది అరగదు. జిగురు పలచనైందని ఒకరు, దారం దుబారా చేస్తున్నావని ఒకరు. కానీ అట్టలమ్మకి ఆయాసం మొదలయ్యాక చక్రం తిప్పే పని మొత్తం కోడలే చూసుకుంది. మందులు గుర్తుపెట్టుకోవడం, రాత్రి కాళ్లు వాస్తే దిండు ఎత్తుగా పెట్టడం, అన్నీ ఆ పిల్లే. కొడుకు నెలకోసారి వచ్చేవాడు. బండి చప్పుడు వినగానే కోడలు పైకెళ్లిపోయేది. అతను షట్టర్ దగ్గర స్టూలు మీద కూర్చుని టీ తాగేవాడు. తల్లి లిఫ్టు తీగ తెగితే ఏమవుతుందని అడిగేది, అతను ఓపిగ్గా చెప్పేవాడు. ఒకసారి అలా కూర్చునే కొట్టంతా కలియజూసి, "అమ్మా, మెయిన్ రోడ్డుకి ఇంత దగ్గరుంది. ఈ మెషీన్లు తీసేసి మధ్యలో గోడలు కడితే మూడు షాపులొస్తాయి తెలుసా" అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకుని అన్న మాట కాదు. ఆవిడ కూడా అలవాటుకొద్దీ "గోడ ఎంత మందం ఉండాల్రా?" అని అడిగేసింది. అతను వెళ్లాక మాత్రం ఆవిడకి ఇంకో ప్రశ్న తగులుకుంది. మూడు షాపుల్లో కోడలు ఎక్కడ కూర్చుంటుంది?

ఆ తర్వాత కొన్నాళ్లకే గుండెలో కవాటం పాడైందని, ఆపరేషన్ చేసి మార్చాలని డాక్టరు చెప్పాడు. కొత్త కవాటం దేంతో చేస్తారని అడిగింది. మార్చేటప్పుడు గుండె ఆపేస్తారు కదా, ఆ కాసేపూ నేను ఎక్కడుంటానని అడిగింది. "అమ్మా, మీరు ముందు ఊపిరి పీల్చుకోండి" అన్నాడాయన.

ఆ వారంలోనే, ఎప్పుడూ ఇక్కడే అట్టలు వేయించుకునే ఒక లాయరమ్మ బైండింగ్‌కి ఇచ్చిన పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చింది. వయసు నలభై దాటింది, మాట తక్కువ, చూపు ఎక్కువ. అట్టలమ్మ పుస్తకాలు ఇవ్వకుండా వాటి మీద చెయ్యేసి కూర్చుంది.

"లాయరమ్మా, ఒక్క మాట. నేను పోతే ఈ కొట్టు ఎవరికి పోతుంది?"

"మీ అబ్బాయికి. ఆయన ఒక్కరే కదా వారసుడు."

"మొత్తమా?"

"మొత్తం. మెషీన్లు, పై గదులు, ఆ జిగురు డబ్బాతో సహా."

"మరి ఇదో?" అని కుట్టుబల్ల దగ్గరున్న కోడల్ని చూపించింది.

"ఈమె మీకు ఏమవుతారు?"

"కోడలు."

"విడాకులయ్యాయి కదమ్మా?"

"వాడికయ్యాయి. నాకు కాలేదు."

లాయరమ్మకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "మీ లెక్క బాగానే ఉంది. చట్టం లెక్కలో ఈమె మీకు ఏమీ కారు. మీరు కళ్లు మూశాక మీ అబ్బాయి ఖాళీ చేయమంటే చేయాల్సిందే."

కోడలి చేతిలో సూది ఆగింది. "నన్ను ఎదురుగా పెట్టుకుని ఏంటండీ ఈ మాటలు? నాకు చేతులున్నాయి, ఎక్కడో ఒకచోట పని దొరక్కపోదు" అంది తలెత్తకుండా.

"చేతులున్నాయి సరే. ఆ మెషీన్ని భుజాన వేసుకుని పోతావా? నోరు మూసుకుని కుట్టు" అని, అట్టలమ్మ లాయరమ్మ వైపు తిరిగింది. "దీనికి దారి లేదా?"

"వీలునామా రాయండి. మీ సొంత ఆస్తి కాబట్టి మీ ఇష్టమొచ్చినవాళ్లకి రాయొచ్చు. కాకపోతే పద్ధతిగా రాయాలి."

"పద్ధతంటే?"

ఆ ఒక్క ప్రశ్నకి జవాబివ్వడమే లాయరమ్మ చేసిన తప్పు. మతి నిలకడగా ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాయాలి. చివర సంతకం పెట్టాలి. అది ఇద్దరు సాక్షులు కళ్లారా చూసి, ఆవిడ ముందే వాళ్లూ పెట్టాలి. ఆస్తి పుచ్చుకునే మనిషి సాక్షిగా ఉండకూడదు. ఇంతే చెప్పింది. ఇంక చూసుకోండి, అట్టలమ్మకి పండగే పండగ.

"సంతకం సగంలో ఉండగా ప్రాణం పోతే?"

"చెల్లదు."

"సాక్షులు నాకంటే ముందు పోతే?"

"చెల్లుతుంది, కాకపోతే నిరూపించడం కష్టమవుతుంది. మీకంటే చిన్నవాళ్లని పెట్టుకోండి."

"రాశాక మనసు మారితే?"

"మళ్లీ రాయొచ్చు. ఆఖరిదే లెక్క."

"అలా ఎన్నిసార్లు మార్చొచ్చు?"

"అమ్మా, ముందు ఒక్కసారి రాయండి!" అంది లాయరమ్మ. పుస్తకాలు లాక్కుని వెళ్లేసరికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి లాయరమ్మ ఆఫీసులోనే పని జరిగింది. సాక్షులుగా తాళాలాయన, ఆ మధ్యే రిటైరైన హెడ్మాస్టారు వచ్చారు. పుచ్చుకునే మనిషి గదిలో లేకపోవడమే మంచిదని లాయరమ్మ అంటే, కోడలు బయట మెట్ల మీద కూర్చుంది. టైపు చేసిన మూడు పేజీలు. మొదటి పేజీలో ఆవిడెవరో, రెండో పేజీలో కొట్టూ మెషీన్లూ పై గదులూ ఎవరికో, మూడో పేజీలో సంతకాలు. అదిగాక ప్రతి పేజీ కింది మూలనా ముగ్గురి పొట్టి సంతకాలు. తాళాలాయన జన్మలో ఇంత గౌరవం ఎరగడు కాబట్టి తన సంతకానికి కింద రెండు గీతలు, పక్కన ఒక చుక్క కూడా పెట్టాడు. లాయరమ్మ మూడు కాగితాలూ సరిచేసి, పై మూల స్టాప్లర్ పిన్ను కొట్టి ఇచ్చింది. "భద్రంగా దాచుకోండి. ఒక్క అక్షరం దిద్దకండి, కొట్టేయకండి, దీని మీద ఏమీ రాయకండి" అని పదేపదే చెప్పింది.

అట్టలమ్మ అక్షరాల జోలికి పోలేదు. అది ఒప్పుకోవాలి.

ఇంటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, వీలునామాని కుట్టుబల్ల మీద పెట్టి చూసింది. రాసిందంతా బాగుంది. కానీ ఆ పిన్ను! ఎవరి పుస్తకమైనా సరే, ఆవిడ చేతికొస్తే మొట్టమొదట పీకేది పిన్నులే. ఇనుము కదా, నాలుగు వానాకాలాలు పోతే తుప్పు పడుతుంది, ఆ తుప్పు కాగితాన్ని తినేస్తుంది. పైగా కాగితాలు సమంగా లేవు, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. నేను పోయాక కోడలు పట్టుకోవాల్సిన కాగితం ఇలాగా ఉండేది, అనుకుంది.

"అత్తయ్యా, లాయరమ్మ ముట్టుకోవద్దన్నారు కదా?" అంది కోడలు అనుమానంగా.

"రాసినదాన్ని ముట్టుకోవద్దంది. పిన్ను సంగతి ఎత్తనైనా ఎత్తలేదు."

పిన్ను ఊడదీసింది. కాగితాల్ని ప్రెస్సులో బిగించి, ఎడమ పక్కన మైనం పట్టించిన దారంతో కుట్టింది. తర్వాత అంచులు సరిచేయాలి. ఆవిడకి చక్రం తిప్పే ఓపిక లేదు, "ఒక్క తిప్పు తిప్పవే" అంటే కోడలే తిప్పింది. మూడు వైపులా సన్నటి ముక్కలు కింద పడ్డాయి. కింది అంచుతో పాటు మూలనున్న పొట్టి సంతకాలు కూడా పోయాయని ఇద్దరూ చూశారు. చూసి కూడా ఏమీ అనుకోలేదు. అంచుల్లో ఉండేదంతా బైండింగ్ వాళ్ల లెక్కలో చెత్తే. అచ్చువాళ్లు పెట్టుకునే గుర్తులు, అంకెలు, గీతలు, అవన్నీ కోసి పారేయడానికే పుట్టాయి. అసలు సంతకాలు ఆఖరి పేజీలో నిక్షేపంలా ఉన్నాయి, ఈ కోడిగీతలు ఎవరికి కావాలి? పైన ఎర్ర గుడ్డ అట్ట వేసి, రాత్రంతా బరువు కింద పెట్టింది. పొద్దున్నే తీసి చూసుకుని, ముసలావిడ పొంగిపోయింది.

ఆపరేషన్‌కి ముందురోజు ఆస్పత్రిలో చేరేటప్పుడు, బట్టల సంచిలో అడుగున ఆ ఎర్ర అట్ట పుస్తకం కూడా పెట్టుకుంది. మధ్యాహ్నం లాయరమ్మ చూడటానికి వస్తానంది కదా, చూపించుకోవాలి.

లాయరమ్మ వచ్చింది, పుస్తకం అందుకుంది, తెరిచింది. మెచ్చుకుంటుందని అట్టలమ్మ దిండు మీద కాస్త పైకి జరిగి కూర్చుంది. లాయరమ్మ మొదటి పేజీ చూసింది, రెండోది చూసింది, కింది మూల వేలితో తడిమింది.

"ఇదెవరు చేశారు?"

"నేనే. ఎలా ఉంది?"

"కోసిందెవరు?"

"నేనేనండీ" అంది పక్కనున్న కోడలు. "అత్తయ్యకి ఓపిక లేదని..."

లాయరమ్మ కుర్చీలో కూలబడింది. తర్వాత చాలా నెమ్మదిగా చెప్పింది. "అమ్మా, పిన్ను తీసి కుట్టారంటే కాగితాలు విడివిడిగా అయ్యాయన్నమాట. రెండో పేజీలో ఆస్తి ఎవరికో రాసుంది. దాని మీద ఇప్పుడు ఒక్క సంతకం కూడా లేదు. రేపు కోర్టులో ఎవరైనా ఏమంటారు? అసలు పేజీ తీసేసి, ఇది దొంగచాటుగా పెట్టి కుట్టారంటారు. ఎవరు కుట్టగలరు? ఎవరికి మెషీనుంది? ఎవరికి లాభం?" అని కోడలి వైపు చూసింది.

కోడలు మంచం కమ్మీ పట్టుకుంది.

"అదేంటి! నేనే కదా చేసింది, నేను చెప్తాను కదా!" అంది అట్టలమ్మ.

"వీలునామా తెరిచే రోజుకి మీరు ఉండరు కదమ్మా."

అట్టలమ్మకి జీవితంలో మొదటిసారి అడగడానికి ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది, నర్సు పరిగెత్తుకొచ్చి నాడి పట్టుకుంది. ఎంత పని చేశాను, దీన్ని కాపాడదామని దీని మెడకే దొంగ అన్న మాట కట్టానే, అని ఏడ్చింది. కోడలు నీళ్లు తాగించి, "పోనీలెండి అత్తయ్యా, మీరు బాగుంటే చాలు, నాకేమీ వద్దు" అంటే ఇంకా కోపమొచ్చింది. "వద్దంటావేంటే, నోర్ముయ్!" అని ఏడుస్తూనే తిట్టింది.

తెల్లారితే ఆపరేషన్. చేయాల్సిందేదో ఇప్పుడే చేయాలి. లాయరమ్మ బ్యాగులోంచి ఒక పెద్ద తెల్ల కాగితం తీసి, మంచం పక్క బల్ల మీదే చేత్తో రాయడం మొదలెట్టింది. "ఈసారి ఒక్క కాగితమే. విప్పి కుట్టడానికి మీకేమీ దొరక్కూడదు" అంది. ఇంతకు ముందు రాసింది రద్దని మొదటి వాక్యంలోనే పెట్టింది. డాక్టరు వచ్చి, ఆవిడ మతి నిలకడగానే ఉందని వేరే కాగితం మీద రాసిచ్చాడు. "పొద్దున్నుంచి నన్ను ఎన్ని ప్రశ్నలడిగారో రాయమంటారా, అదే సాక్ష్యం" అన్నాడు పోతూ పోతూ.

సాక్షుల దగ్గర చిక్కొచ్చింది. ఫోన్ చేయగానే తాళాలాయన కొట్టు మూసి పరిగెత్తుకొచ్చాడు. హెడ్మాస్టారు కూతురి దగ్గరికి వేరే ఊరెళ్లారు, వారం దాకా రారు. నర్సుని అడిగితే, డ్యూటీలో ఉండి బయటి కాగితాల మీద సంతకం పెడితే మా ఉద్యోగాలు పోతాయంది. పక్క మంచం వాళ్లు సంతకం అన్న మాట వినగానే గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఇంకొక్క మనిషి కావాలి, ఒక్కడంటే ఒక్కడు.

అప్పుడొచ్చాడు కొడుకు. పనిబట్టల్లోనే, చేతిలో ఆపిల్ పళ్ల సంచితో. అతన్ని చూడగానే కోడలు నీళ్ల సీసా కింద పెట్టి, ఒక్క మాట లేకుండా బయట వరండాలోకి వెళ్లిపోయింది. అతను తలొంచుకుని దారిచ్చాడు. తల్లి మంచం దగ్గరికొచ్చి, "ఏంటమ్మా ఏడ్చావా? భయమేస్తోందా?" అని అడిగాడు.

అట్టలమ్మ లాయరమ్మని దగ్గరికి రమ్మని, చెవిలో అడిగింది. "వీడు పెట్టొచ్చా?"

లాయరమ్మ అతన్ని ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "వీలునామాలో ఆయనకేమీ రావట్లేదు కాబట్టి నిక్షేపంగా పెట్టొచ్చు. నిజం చెప్పాలంటే అంతకంటే గట్టి సాక్షి దొరకడు. రేపు గొడవ చేయాల్సిన మనిషే సాక్షైతే ఇంక ఎవరు నోరెత్తుతారు?" గొంతు ఇంకా తగ్గించి చెప్పింది. "సాక్షి చదవాల్సిన పని కూడా లేదు. మీరు సంతకం పెట్టడం చూసి, తనూ పెడితే చాలు."

ఇంతలో అతను బల్ల మీది కాగితం చూశాడు. "ఆపరేషన్‌కి ఒప్పుకోలు కాగితమా? ఇటివ్వండి, ఎక్కడ పెట్టాలి?" అని జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

తాళాలాయన కిటికీలోంచి చూడటం మొదలెట్టాడు. అవునంటే చాలు, ఒక్క నిమిషంలో అయిపోతుంది. కోడలికి కొట్టు మిగులుతుంది, ఇల్లు మిగులుతుంది. ఎప్పటికో తెలుసుకుని వీడు ఏడిస్తే ఏడుస్తాడు, అప్పటికి తను ఉండనే ఉండదు. అట్టలమ్మకి అవునందామని నాలుక చివరిదాకా వచ్చింది. వాడు పెన్ను మూత తీసి, చిన్నప్పుడు బడికి పోయే ముందు చూసినట్టు నమ్మకంగా తన వైపే చూస్తున్నాడు.

"ఆగరా" అంది. "అది ఆపరేషన్ కాగితం కాదు. నా వీలునామా. కొట్టూ ఇల్లూ నీ మాజీ పెళ్లానికి రాస్తున్నాను. నీకేమీ లేదు. చదువు. చదివాక పెడితే పెట్టు, లేకపోతే లేదు."

లాయరమ్మ కళ్లు మూసుకుంది.

అతను కాగితం తీసుకుని, నిలబడే చదివాడు. మెల్లగా చదివాడు. వాడి మొహంలో ఏం జరుగుతోందో అట్టలమ్మ రెప్ప వేయకుండా చూస్తోంది. కోపమొస్తుందా, చింపేస్తాడా, పోతాడా? ఒకచోట ఆగాడు. ఆగి, పైకి చదివాడు.

"'నా కుమారుడు సొంత ఉద్యోగంలో స్థిరపడ్డాడు. ఏనాడూ నాకు ఏ లోటూ రానివ్వకుండా చూసుకున్నాడు. అతనికి నా ఆస్తి అవసరం లేనందువల్ల మాత్రమే...' ఇది ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను. కొడుక్కి ఎందుకివ్వట్లేదో ఒక మాట ఉండాలంది లాయరమ్మ."

"ఇది అబద్ధం కదమ్మా." కాగితం మీంచి తలెత్తాడు. "చూసుకుంది నేనా? తను." వరండా వైపు చెయ్యి చూపించాడు. "వదిలేసి పోయాను కాబట్టి ఇవ్వట్లేదని రాయించు. నిజం రాయించు. అప్పుడు పెడతాను."

"నిజం రాస్తే పెడతావా?"

"పెడతాను."

"అయితే నీ సంతకం నాకొద్దు, ఫో" అంది అట్టలమ్మ. ఆయాసం తన్నుకొస్తున్నా ఆగలేదు. "ఒరేయ్, రేపు నేను ఆ బల్ల మీదే పోయాననుకో. నీ గురించి నేనన్న ఆఖరి మాట ఇదే అవుతుంది. ఎవరెవరో చదువుతారు. అందులో నిన్ను తిట్టమంటావా? తిట్టాల్సినవన్నీ నీ మొహం మీదే తిట్టాను, బతికొస్తే ఇంకా తిడతాను, అవి నీకూ నాకూ మధ్య. ఊరికి నా కొడుకు మంచివాడే. మార్చను. ఇష్టమైతే పెట్టు."

అతను భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. ఆపిల్ పళ్ల సంచి ఇంకా ఎడమ చేతికే వేలాడుతోంది, అది ఎక్కడ పెట్టాలో కూడా తెలియట్లేదు వాడికి. తాళాలాయన వచ్చి సంచి అందుకున్నాడు.

"ముందు మీ అమ్మగారు పెట్టాలి. మీరిద్దరూ చూడాలి" అంది లాయరమ్మ, ఎటో చూస్తూ.

అట్టలమ్మ పెట్టింది. పేరు మొత్తం రాసింది. తాళాలాయన ఈసారి గీతలూ చుక్కలూ ఏమీ లేకుండా పెట్టాడు. కొడుకు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, బల్ల మీద కాగితం అదిమిపట్టి, సంతకం పెట్టాడు. దాని కింద 'కుమారుడు' అని కూడా రాశాడు.

లేచి వరండాలోకి వెళ్లాడు. అక్కడ కోడలు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. విడిపోయిన ఇన్నేళ్లలో ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. అట్టలమ్మ చెవులు రిక్కించి విన్నది.

"లోపలికెళ్లు. అమ్మ పిలుస్తోంది" అన్నాడు అతను.

అట్టలమ్మ ఎవర్నీ పిలవలేదు.

కోడలు కళ్లు తుడుచుకుంటూ లోపలికొచ్చింది. "పిలిచారా అత్తయ్యా?"

"ఆఁ, పిలిచాను" అంది అట్టలమ్మ.